ఉప్పు చూసేవాడు

ఫిబ్రవరి 24, సోమవారం
సిమెంటు 180 బస్తాలు దిగాయి. నీళ్ళు రెండు ట్యాంకర్లు, రెండూ మంచివే. ఒళ్ళు వెచ్చగా ఉంది.

ఫిబ్రవరి 26
జ్వరం. డ్యూటీకి వెళ్ళలేదు.

ఫిబ్రవరి 28
జ్వరం తగ్గలేదు. పక్కింట్లో ఉండే చేపలమ్మే కాళమ్మ గోడ మీంచి పిలిచి, "అన్నయ్యా, జావ కాసివ్వనా?" అంది. వద్దన్నాను. మా ఆవిడ కనకలక్ష్మి ఉన్నప్పుడు పొద్దున్నా సాయంత్రం ఆ గోడ దగ్గరే ఉండేవాళ్ళు ఇద్దరూ. ఆమె పోయి పదకొండు నెలలు. నేను ఆ గోడ వైపు వెళ్ళడం తగ్గించాను. వెళితే ఆమె మాటే వస్తుంది.

మార్చి 3, సోమవారం
మళ్ళీ స్టోర్ డ్యూటీలో చేరాను. గోల్ ఘర్‌లో కంపెనీ బస్సు నీరసంతో కమ్మీ పట్టుకుని ఎక్కాను. సైట్‌లో మూడో ఇంజిన్ పునాదికి ఇనుము కట్టడం సగమైంది. ఇంకో పది రోజుల్లో పోస్తారట. అదొక్కటి అయితే ఈ పవర్ హౌస్‌లో మా కంపెనీ చెయ్యాల్సిన పెద్ద పని అయినట్టే.

నన్ను చూసి ట్యాంకర్ డ్రైవర్ అప్పలకొండ హారన్ కొట్టాడు. "వచ్చేవా మామా! నువ్వు లేని వారం ఆ లాబ్ పిల్ల నీళ్ళు చూసింది. నోట్లో ఏసుకోడానికే బయిం దానికి. ఫోన్ తీసి ఫోటో కొట్టిందంతే."

"ఝూట్ మత్ బోలో భయ్యా," అంది రాజకుమారి. "మందు చుక్క వేసే చూశాను. మొన్న శనివారంతో సీసా ఖాళీ."

సిల్వర్ నైట్రేట్ సీసా. నీళ్ళలో ఉప్పు ఉంటే ఒక్క చుక్కకే తెల్లగా విరుగుతాయి. ఉప్పు నీళ్ళు కలిస్తే కాంక్రీటు లోపలి ఇనుము తుప్పు పడుతుంది. ఈ దీవికి కొత్తది షిప్‌లో రావాలి. ఎప్పుడొస్తుందో తెలియదు. ఇంజినీర్ తిరుమలరావు గారు విశాఖ నుంచి జనవరిలో వచ్చిన మనిషి. నేను ట్యాంకర్ పైపు కింద దోసిలి పట్టి, గుక్క నోట్లో తిప్పి ఉమ్మడం చూసి మొదట్లో నవ్వేవారు. ఈరోజు ఆయనే అన్నారు: "మందు వచ్చేదాకా మీరే మా లాబ్ గవరయ్య గారూ."

రిజిస్టర్‌లో గడి ఉంది. 'చూసినది' అని. రాజకుమారి అక్కడ నా పేరు రాసి పక్కన సంతకం పెట్టింది.

నీళ్ళు ఒక ట్యాంకర్. చప్పగా ఉన్నాయి. మంచివే. సీసాలో పట్టి, చీటీ అంటించి, స్టోర్ అల్మరా పైన పెట్టాను. జనవరి 31న పరీక్షకి అచ్చు పోసి ఉంచిన కాంక్రీటు క్యూబులకు ఇరవై ఎనిమిది రోజులు నిండి, మిషన్‌లో పగలగొట్టి చూశారట, పాసయ్యాయి. కాబట్టి ఆనాటి సీసాల నీళ్ళు స్టోర్ వెనక బొప్పాయి మొక్కకు పోశాను. కంపెనీ చెప్పిన పద్ధతి కాదు ఇది. నా పద్ధతి.

మార్చి 4
కూర చప్పగా ఉంది. ఈ ప్యాకెట్ ఉప్పులో సారం లేదు. జ్వరం నోరు కూడా కావచ్చు.

మార్చి 8, శనివారం
గోల్ ఘర్‌లో వేరే కొట్లో ఉప్పు కొన్నాను. ఇదీ అంతే. చెంచాన్నర వేస్తే గాని తెలియడం లేదు. ఇప్పుడు అన్నిట్లోనూ కల్తీయే.

మార్చి 11
రెండు చెంచాలు.

మార్చి 15, శనివారం
మూడో ఇంజిన్ పునాది పోశారు. పొద్దున్న ఆరింటికి మొదలు, సాయంత్రం ఐదున్నరకు పూర్తి. సిమెంటు 512 బస్తాలు. నీళ్ళు మూడు ట్యాంకర్లు. క్యూబులు పద్దెనిమిది.

రెండు ట్యాంకర్లు మామూలు బావివే. మూడోదానికి వెళ్ళిన అప్పలకొండ ఒంటిగంటకు ఫోన్ చేశాడు. ఎండలకి బావి అడుగంటింది, మోటారు గాలి పీలుస్తోంది అన్నాడు. పునాదిలో ఇంకా పై భాగం మిగిలి ఉంది. మధ్యలో ఆపితే పోసినదానికీ పొయ్యబోయేదానికీ అతుకు పడుతుంది. ఇంజిన్ కింద పునాదికి అతుకు ఉండకూడదు. తిరుమలరావు గారు ఫోన్ లాక్కుని ఎక్కడ దొరికితే అక్కడ పట్టుకు రమ్మన్నారు.

ఉప్పునీటి క్రీక్ ఒడ్డున కొబ్బరితోటలో బావి ఉంది. అక్కణ్ణించి తెచ్చాడు. తెచ్చి, పైపు విప్పకుండా నా కోసం నిలబడ్డాడు.

"మామా, నిన్న పున్నమి. పోటు బాగా ఎక్కింది. ఆ బావిలోకి ఎక్కిందో లేదో నాకు తెలీదు. నా నోట్లో ఎప్పుడూ కైనీ పొగాకే. నువ్వు బాగుందంటేనే దించుతాను."

రెండు గుక్కలు చూశాను. ఎందుకైనా మంచిదని మూడోది కూడా చూశాను. చప్పగా ఉంది. మంచి నీళ్ళు. దించమన్నాను.

అన్నీ అయ్యాక తిరుమలరావు గారు భుజం తట్టారు. ఇంటికొచ్చి స్నానం చేసి కూర్చుంటే చెప్పడానికి ఎవరూ లేరు. కనకలక్ష్మికి పునాది సంగతులు తెలియవు, అయినా వినేది. వింటూనే గరిటెతో ఒక చుక్క కూర నా అరచేతిలో వేసి, ఉప్పు చూడు అనేది. ముప్పై ఏళ్ళు రోజూ అడిగింది. ఎప్పుడూ సరిపోయేది, ఎందుకు అడిగేదో తెలియదు.

మార్చి 18
కిలో ఉప్పు ప్యాకెట్ పది రోజుల్లో అయిపోయింది. డబ్బాకి మూత సరిగ్గా పడటం లేదు, తేమకి కరిగి ఉంటుంది.

మార్చి 22
ఏడు రోజుల క్యూబులు పాస్. మామూలు కంటే బలంగా ఉన్నాయి అంది రాజకుమారి. అప్పలకొండ నా వైపు తిరిగి, "మామ నాలికా, మజాకా" అన్నాడు. నవ్వాను.

మార్చి 30, ఆదివారం
ఉగాది. పచ్చడి చెయ్యలేదు. ఒక్కడి కోసం ఎందుకు.

ఏప్రిల్ 1
సిమెంటు లేదు. షిప్ రాలేదు. నీళ్ళు ఒక ట్యాంకర్, మంచివే.

ఏప్రిల్ 3, గురువారం
అప్పలకొండ ఈరోజు అన్నం డబ్బా తెచ్చుకోలేదు. భార్య భాను పుట్టింటికి వెళ్ళిందట. నేను స్టోర్ వెనక తింటుంటే వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. నా క్యారియర్ ఎప్పుడూ ఒక్కడికే కడతాను, అయినా సగం పెట్టాను. కైనీ ఉమ్మి, మూతి కడుక్కుని, కోనాం చేప పులుసు కలిపి పెద్ద ముద్ద పెట్టుకున్నాడు. పెట్టుకున్నవాడు లేచి గోడవతలికి పరిగెత్తాడు.

"ఓర్నాయనో! ఏటి మామా ఇది, జెట్టీ కింద నీళ్ళెట్టి వండేవేటి?"

నవ్వుతూనే వచ్చి కూర్చున్నాడు. నేను తింటున్నాను. అప్పుడు నవ్వు ఆపాడు.

"నీకు తెలడం లేదేటి?"

"తెలుస్తోంది. కాస్త ఎక్కువ పడింది," అన్నాను.

వాడికి వెటకారం ఎక్కువ. పైగా కైనీ నోరు.

ఏప్రిల్ 4
కైనీ నోటికి కూడా తెలిసింది.

ఏప్రిల్ 5, శనివారం
ఇంటికి రాగానే చెంచాడు ఉప్పు నాలుక మీద వేసుకున్నాను. ఇసకలాగా ఉంది. పంచదార వేసుకున్నాను, ఏదో కొంచెం. చింతపండు తెలిసింది. నిమ్మకాయ తెలిసింది. మళ్ళీ ఉప్పు. ఇసక.

ఏప్రిల్ 6, ఆదివారం
పొద్దున్నే కార్బిన్స్ కోవ్ దాకా నడిచి వెళ్ళాను. మోకాలి లోతుకు దిగి దోసిలితో సముద్రపు నీళ్ళు నోట్లో వేసుకున్నాను.

చప్పగా ఉంది.

ఏప్రిల్ 7
మార్చి 15, మూడో ట్యాంకర్ సీసా దించి వెలుతురులో చూశాను. తేటగా ఉంది. చూస్తే ఏం తెలుస్తుంది.

నాలుక పాడైంది మొన్న మొన్ననే కావచ్చు. పునాది రోజుకు బాగానే ఉండి ఉంటుంది. బాగా లేకపోతే నాకు తెలియదా?

సాయంత్రం ఈ పుస్తకం మొదటి నుంచి తిరగేశాను. మార్చి 4న రాసి ఉంది. 8న రాసి ఉంది. 11న రెండు చెంచాలని రాసి ఉంది. నా చేత్తో నేనే రాసుకున్నాను. ఆ పేజీలు చింపేసుకోవచ్చు, ఇది నా సొంత పుస్తకం. కానీ లెక్క పుస్తకంలో ఇంతవరకు ఒక్క పేజీ చింపలేదు.

ఉప్పు: వెయ్యలేదు.

ఏప్రిల్ 8
ఉప్పు: లేదు. అన్నం, పెరుగు. ఉప్పు ఉన్నా లేకపోయినా ఒకటే అయినప్పుడు లేకపోవడమే మేలు.

ఈరోజు ట్యాంకర్ వస్తే జలుబు చేసిందని చెప్పి దోసిలి పట్టలేదు. రాజకుమారి తాగి చూసి, "మంచివే అంకుల్, హై నా?" అని నా మొహంలోకి చూసింది. తలాడించాను. మళ్ళీ నా పేరే రాసింది.

ఏప్రిల్ 9, బుధవారం
ఇరవై ఎనిమిది రోజులు శనివారానికి నిండుతాయి. ఆ తర్వాత సీసాలు ఎలాగూ పారబోస్తాను. మూడు రోజులు ముందు పోస్తే అడిగేవాళ్ళు లేరు. సీసాలు దాస్తానని రాజకుమారికి తప్ప ఎవరికీ పట్టదు.

మూడోది తీసుకుని బొప్పాయి మొక్క దాకా వెళ్ళాను. మూత విప్పాను.

మళ్ళీ తెచ్చి పెట్టేశాను. మొక్క ఏం చేసింది పాపం.

ఏప్రిల్ 10
షిప్ వచ్చింది. సిమెంటు 600 బస్తాలు. సిల్వర్ నైట్రేట్ సీసా కూడా వచ్చింది. "ఇక మీ నాలుకకి ఛుట్టీ అంకుల్," అంది రాజకుమారి. ఈ రోజు ట్యాంకర్ నీళ్ళలో చుక్క వేసింది. పెద్దగా మారలేదు.

చెప్పలేదు.

ఏప్రిల్ 12, శనివారం
పొద్దున్న పదింటికి క్యూబులు మిషన్‌లో పెట్టారు. బలం కనీసం ముప్పై రావాలి. నలభై ఒకటి, నలభై, నలభై రెండు. తిరుమలరావు గారు అందరికీ టీ చెప్పారు. అప్పలకొండ కూడా వచ్చి తాగాడు. ఇంజిన్ వచ్చే వారం చెన్నైలో షిప్ ఎక్కుతుందట. మూడో పునాది మీద కూర్చునేది అదే.

రాజకుమారి మిషన్ తుడుస్తూ, "అంకుల్, ఆ రోజు బాటిల్స్ ఇంక పడేయొచ్చు కదా," అంది. ఊరికే అంది. ఎప్పుడూ అనే మాటే.

"పడేసే ముందు ఒక్కో చుక్క వేసి చూడమ్మా," అన్నాను.

"క్యూబ్ పాస్ అయిపోయింది కదా. క్యోఁ?"

"వెయ్యి."

మూడు గ్లాసుల్లో పోసింది. మొదటిదానిలో కొంచెం పొగలాంటి మసక. రెండోదానిలో అంతే. మూడోది మజ్జిగలా తెల్లబడి అడుక్కి దిగింది. ఆ అమ్మాయి గ్లాసు ఎత్తి, దించి, కొత్త గ్లాసు కడిగి మళ్ళీ పోసి చూసింది. మళ్ళీ అంతే.

"ఇదెలా అంకుల్? మీరు చూశారు కదా?"

చెప్పాను. జ్వరం, ఉప్పు ప్యాకెట్లు, అప్పలకొండ తిన్న ముద్ద, సముద్రం. ఇన్ని మాటలు ఒకేసారి ఎవరితోనూ అని ఏడాది అయింది. ఆమె విని చివరికి ఒకటే అంది: "రిజిస్టర్‌లో నా సైన్ ఉంది అంకుల్."

ఉంది. ఆ మాట నాకు అంతవరకు తట్టనే లేదు. తొమ్మిది రోజులుగా నా సంగతే ఆలోచించాను.

ఇద్దరం తిరుమలరావు గారి కంటైనర్ ఆఫీసుకి వెళ్ళాం. ఆయన ఫోన్లో ఎవరికో నలభై ఒకటి అని చెబుతున్నారు. ఫోన్ పెట్టాక గ్లాసు చూపించాం. ఎత్తి వెలుతురుకి పట్టి చూశారు.

"క్యూబ్ పాసయింది గవరయ్య గారూ. మనల్ని అడిగేది అదే."

"క్యూబులో ఇనుము ఉండదు సార్," అన్నాను. "పునాదిలో ఉంది."

"నాకు తెలుసు." లేచి తలుపు వేసి వచ్చారు. "ఈ మాత్రం ఉప్పుకి లోపల తుప్పు పట్టి పగులు పైకి రావాలంటే పది పదిహేనేళ్ళు. అప్పటికి ఇక్కడ ఎవరుంటారు చెప్పండి. నేను ఉండను. కంపెనీ ఉండదు."

"నేనుంటాను."

ఆయనకు అర్థం కాలేదు.

"లంబాలైన్‌లో ఉంటాను సార్. మా ఇంట్లో కరెంటు ఇక్కణ్ణించే వస్తుంది."

రాజకుమారి వెక్కి, మొహం తిప్పుకుంది. ఏడ్చిందో నవ్విందో తెలియదు. ఆయన రెండు చేతులతో మొహం రుద్దుకుని, "రాసివ్వండి. రాతపూర్వకంగా. మీరు రాస్తే నేను ఆపలేను," అన్నారు. కోపంగానే అన్నారు. కానీ ఆ మాట తనంతట తనే అన్నారు.

నేను చదివింది ఐదో తరగతి, అదీ హిందీలో. తెలుగైతే నాన్న పంచాంగం చూసి నేర్చుకున్నదే. తెలుగులోనే రాశాను. రాజకుమారికి మాట్లాడటమే గాని చదవడం రాదు. నేను చదువుతుంటే ఆమె ఇంగ్లీషులో టైపు చేసింది. ఒకచోట ఆగి, "'తెలుసుకోవలసింది' అంటే షుడ్ హేవ్ నోన్, కదా అంకుల్?" అంది. ఆ వాక్యం ఇది: 'మార్చి 15 నాటికి నా నాలుక పనిచేయడం లేదు. ఆ సంగతి నాకు తెలియదు. తెలుసుకోవలసింది.' రాజకుమారి నా మాట నమ్మి సంతకం పెట్టిందని, అప్పలకొండ పున్నమి పోటు సంగతి ముందే హెచ్చరించి అడిగాడని కూడా రాశాను.

సంతకం పెట్టాను. సీసా ఇచ్చేశాను.

ఏప్రిల్ 13, ఆదివారం
ఏమీ లేదు.

ఏప్రిల్ 16, బుధవారం
పైవాళ్ళు ఇద్దరు వచ్చారు. పునాదికి నాలుగు చోట్ల రంధ్రాలు వేసి ముక్కలు తీశారు. కింద బాగుంది. పైన అడుగున్నర మేర కొట్టేసి, ఇనుము మార్చి మళ్ళీ పొయ్యాలని తేలింది. ఇంజిన్ నెల రోజులు ఆగుతుంది. నన్ను స్టోర్‌లోనే ఉండమన్నారు. నీళ్ళ జోలికి వెళ్ళొద్దన్నారు. రాజకుమారిని ఏమీ అనలేదు. అప్పలకొండ బండి ఆపేశారు, విచారణ అయ్యేదాకా.

ఏప్రిల్ 17
గోల్ ఘర్‌లో బస్సు కోసం నిలబడితే అప్పలకొండ ఎదురుపడ్డాడు.

"నిన్నడిగేనా లేదా మామా? పున్నమని చెప్పేనా లేదా?"

"చెప్పావు. అదే రాశాను."

"రాసేవు! మరి నీకు డ్యూటీ ఉంది, నా బండి ఒడ్డునెక్కింది. ఆ రోజు నీ పులుసు తిన్నాను చూడు, అప్పుడే నాకు చెప్పుంటే ఏటి పోయింది? బజార్లో పరాయోడు నిలబడినట్టు నిలబడ్డావు నా ముందర."

బస్సు వచ్చింది. ఎక్కాను.

ఏప్రిల్ 19
పునాది పగలగొట్టే బ్రేకర్ మిషన్ పొద్దుట్నించి. స్టోర్ రేకులు అదురుతున్నాయి. అల్మరా మీద సీసాలు ఒకదానికొకటి తగిలి మోగుతున్నాయి.

ఏప్రిల్ 21
బ్రేకర్.

ఏప్రిల్ 22, మంగళవారం
అప్పలకొండ బండి మళ్ళీ వచ్చింది. నేను స్టోర్ గుమ్మంలో ఉన్నాను. అలవాటున రెండడుగులు వేశాను. దిగకుండానే, "నువ్వు రాకు మామా. ఆ పిల్ల చూస్తాది," అన్నాడు. రాజకుమారి గ్లాసు పట్టుకుని నా పక్క నుంచి వెళ్ళింది. నాకు వినబడాలని గట్టిగా, "బాగున్నాయి అంకుల్!" అని అరిచింది.

రిజిస్టర్‌లో ఆ గడిలో నా పేరు లేదు.

ఏప్రిల్ 24
డాక్టర్ టార్చి వేసి చూశాడు. జ్వరం వల్ల కావచ్చు, రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు. "ఇంట్లో ఎవరూ గమనించలేదా?" అని అడిగాడు.

ఏప్రిల్ 26
ఉప్పు: లేదు. ఇరవై రోజులు. బస్సు దిగేటప్పుడు కళ్ళు తిరిగాయి.

ఏప్రిల్ 27, ఆదివారం
కాళమ్మ దగ్గర కొనకుండా బజార్లో చేపలు కొన్నాను. వండాను. దించే ముందు ఉప్పు డబ్బా తీసి పట్టుకుని నిలబడ్డాను. ఎంత వెయ్యాలి? కొలత మర్చిపోయాను. రెండు చెంచాలా, అరా? వేస్తే తెలియదు, వెయ్యకపోతే తెలియదు.

గరిటెలో పులుసు తీసుకుని గోడ దగ్గరికి వెళ్ళాను. అవతల కాళమ్మ వల చిక్కులు తీస్తోంది. చుక్కలు గోడ మీద పడ్డాయి. ఆమే తలెత్తి చూసింది.

"ఏటన్నయ్యా?"

గరిటె చాపాను.

"ఉప్పు చూస్తావా," అన్నాను.

ఆమె లేచి వచ్చి అరచెయ్యి పట్టింది. నాలుక్కి తగిలించుకుంది. మొహంలోకి చూసింది.

"ఇందులో ఉప్పేదన్నయ్యా?"

"నాకు తెలియదు," అన్నాను. "తెలియడం లేదు."

చేతులు కడుక్కుని, గేటు వైపు నుంచి చుట్టి వచ్చి, నా వంటింట్లోకి నేరుగా వెళ్ళింది. ఉప్పు డబ్బా ఎక్కడుందో వెతకలేదు. కనకలక్ష్మి పోయి పదకొండు నెలలు కాదు, పదమూడు అయింది, డబ్బా చోటు నేను మార్చలేదు. కొంచెం వేసి కలిపింది, చూసింది. ఇంకొంచెం వేసింది. చూసింది.

"ఇప్పుడు సరిపోయింది. రేపు కూడా దించే ముందు కేకెయ్యి."

గిన్నె ఊడ్చి తిన్నాను. రుచి తెలియలేదు. 

నీళ్ళు: కుళాయి రాలేదు, డ్రమ్ములోవి.
ఉప్పు: ముప్పావు చెంచా.
చూసినది: కాళమ్మ.